వసంతకాలపు ట్రెక్: ముందు మంచు, తర్వాతే తేదీ

మంచు కురిసే కొండల్లో వసంతం కింది నుంచి పైకి నెమ్మదిగా ఎక్కుతుంది. లోయలో చెట్లు చిగురించి దారి పొడిగా ఉన్న రోజునే 3,000 మీటర్ల కనుమ (కొండను దారి దాటే పల్లపు చోటు) మీద మనిషి లోతు మంచు ఉండొచ్చు. సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడే తేదీ పెట్టుకుని, "ఈపాటికి కరిగిపోయి ఉంటుందిలే" అని బయలుదేరినవాళ్లు తరచూ రెండో రోజు మధ్యాహ్నానికి తొడ లోతు మంచులో కూరుకుపోయి వెనుదిరుగుతారు. ఈ వరస తిరగెయ్యాలి. మంచు ఎక్కడి నుంచి మొదలవుతోందో, ఏ స్థితిలో ఉందో ముందు చూసి, దానికి సరిపడే దారినీ తేదీనీ, రోజులో నడిచే గంటల్నీ ఎంచుకోవాలి.

వీటిలో గంటలకే ఎక్కువ విలువ ఇవ్వాలి. అదే మీటరు లోతు మంచు పొద్దున 6 గంటలకు సిమెంటు రోడ్డులా మోస్తుంది, మధ్యాహ్నం 1 గంటకు అడుగడుగునా కాలు లాగేస్తుంది. కింద రాసిన దిక్కులన్నీ ఉత్తరార్ధగోళానికి వర్తిస్తాయి. దక్షిణార్ధగోళంలో నడిచేవాళ్లు ఉత్తర, దక్షిణాలను తారుమారు చేసుకుని చదవండి.

లోతు అంకె ఒక్కటే చాలదు

తెలుగులో పొగమంచునీ, గడ్డి మీద పొద్దుటి తడినీ, కొండ మీద నెలల తరబడి పేరుకున్నదాన్నీ మంచు అనే ఒక్క మాటతోనే చెప్పేస్తాం. ట్రెక్ ప్లాన్ చేసేటప్పుడు ఆ పేరుకున్న మంచులోనే మళ్లీ రకాలు చూడాలి. కొత్తగా పడ్డ పొడి మంచులో ఎక్కువ భాగం గాలే. 100 సెంటీమీటర్ల కొత్త మంచు కరిగితే 10 సెంటీమీటర్ల నీరు కూడా రాకపోవచ్చు. చలికాలమంతా కుదించుకుపోయి, వసంతంలో గింజ కట్టిన 100 సెంటీమీటర్ల మంచు కరిగితే 40 నుంచి 50 సెంటీమీటర్ల నీరు వస్తుంది. అంటే లోతు ఒకటే అయినా రెండోది కరగడానికి నాలుగైదు రెట్ల వేడి కావాలి.

అందుకే కొలత కేంద్రాలు లోతుతో పాటు "స్నో వాటర్ ఈక్వివాలెంట్" అనే అంకె కూడా ఇస్తాయి. మంచంతా కరిగితే ఎన్ని సెంటీమీటర్ల నీరు నిలుస్తుందో ఇది చెబుతుంది. మనం దీన్ని నీటి కొలత అందాం. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో స్నోటెల్ పేరుతో 900కు పైగా కేంద్రాలున్నాయి. నేల మీద పరిచిన దిండులాంటి పరికరం తన మీద పేరుకున్న మంచు బరువును తూస్తుంది, ఆ అంకెలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లో దావోస్‌లోని ఎస్ఎల్ఎఫ్ సంస్థ మంచు లోతు పటాలు పెడుతుంది. హిమాలయాల్లాంటి చోట్ల అందరికీ అందే కొలతలు తక్కువ, కాబట్టి ఉపగ్రహ చిత్రాల మీదే ఎక్కువగా ఆధారపడాలి.

కేంద్రం పేజీ తెరవగానే దాని ఎత్తు చూడండి. చాలా కేంద్రాలు అడవి మధ్య ఖాళీ జాగాల్లో, కనుమల కంటే బాగా కింద ఉంటాయి. కేంద్రం దగ్గర సున్నా చూపిస్తే కనుమ ఖాళీ అయిందని అర్థం కాదు. రెండో పొరపాటు "సాధారణం కంటే ఎంత శాతం" అనే అంకెతో వస్తుంది. స్నోటెల్ లెక్కల్లో సాధారణం అంటే 1991–2020 మధ్య అదే తేదీన నమోదైన విలువల మధ్యస్థం, అంటే వాటిని వరసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది. సీజన్ చివర్లో ఆ మధ్యస్థమే 3 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఆ రోజున 9 సెంటీమీటర్ల నీరు ఉంటే పేజీ 300 శాతం అని చూపిస్తుంది. చూస్తే గుండె గుభేలుమంటుంది కానీ నిజానికి మిగిలింది నాలుగైదు రోజుల్లో పోయే మంచు. ఏప్రిల్ దాటాక శాతాన్ని పక్కనబెట్టి అసలు అంకెనే చూడండి.

ఎప్పటికి కరుగుతుంది: కాగితం మీద లెక్క

ఉజ్జాయింపుకు పనికొచ్చే సూత్రం ఒకటుంది. రోజు సగటు ఉష్ణోగ్రత సున్నా కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటే, ఒక్కో డిగ్రీకి 3 నుంచి 6 మిల్లీమీటర్ల నీటి కొలత చొప్పున మంచు కరుగుతుంది. నీడ, అడవి ఉన్నచోట తక్కువ అంకె, ఎండకు తెరిచి ఉన్న పాత మురికి మంచుకు ఎక్కువ అంకె వేసుకోవాలి. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతాయి.

ఒక దారిని ఊహించుకుని లెక్క వేద్దాం. 2,400 మీటర్ల దగ్గరున్న కేంద్రంలో 100 సెంటీమీటర్ల లోతు, 45 సెంటీమీటర్ల నీటి కొలత ఉంది. వచ్చే రోజుల సగటు 6 డిగ్రీలు. డిగ్రీకి 4 మిల్లీమీటర్లు వేస్తే రోజుకు 24 మిల్లీమీటర్లు పోతాయి. 450ని 24తో భాగిస్తే దాదాపు 19 రోజులు. ఇక మీరు దాటాల్సిన కనుమ 3,000 మీటర్లు. 600 మీటర్ల తేడాకు 4 డిగ్రీలు తీసేస్తే అక్కడి సగటు 2 డిగ్రీలు, కరిగేది రోజుకు 8 మిల్లీమీటర్లు. అక్కడ 60 సెంటీమీటర్ల నీటి కొలత ఉందనుకుంటే ఇదే వేడిమిలో 75 రోజులు పట్టాలి. రోజులు గడిచేకొద్దీ ఎండ ముదురుతుంది కాబట్టి నిజంగా అంత పట్టదు. అయినా కేంద్రం దగ్గర నేల కనబడ్డాక కనుమ మీద నేల కనబడటానికి ఇంకా ఎన్నో వారాలు ఉంటాయన్నది మాత్రం ఖాయం.

ఈ లెక్క పెట్టుకుని జూన్ 5నా, 7నా అని తేల్చలేం. పైన గాలి చల్లగా ఉన్నా తీవ్రమైన ఎండ మంచును కరిగిస్తుంది. పైగా చలికాలపు చల్లదనం మిగిలిన మంచు ముందు అడుగుదాకా సున్నా డిగ్రీలకు చేరాలి, అప్పుడే నీరు బయటికి రావడం మొదలవుతుంది. మే చివరి వారమా, జూన్ మూడో వారమా అని తేల్చుకోవడానికైతే ఈ లెక్క సరిపోతుంది.

ఇంతకంటే మంచి దారి పాత సంవత్సరాలను తిరగెయ్యడం. మీ దారికి దగ్గరలోని కేంద్రం గ్రాఫులో గత పదేళ్ల గీతలు పక్కపక్కన పెట్టండి. ఈ ఏటి గీత ఇప్పటిదాకా ఏ ఏటి గీత వెంట నడుస్తోందో చూడండి. ఆ సంవత్సరంలో మీరు వెళ్లాలనుకున్న తేదీకి తీసిన ఉపగ్రహ చిత్రం తెరిస్తే, మీరు చూడబోయే కొండ ఎలా ఉంటుందో ముందే కనబడుతుంది. ఏప్రిల్‌లో కూర్చుని జూన్ సంగతి ఊహించడానికి ఇంతకంటే నమ్మకమైనది మరొకటి లేదు.

ఉపగ్రహ చిత్రం చదవడం

ఐరోపా వాళ్ల సెంటినెల్-2 చిత్రాలు ఉచితం. ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు, దాదాపు 5 రోజులకో చిత్రం. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాలు కలిపితే 8 రోజులకో చిత్రం, చుక్క 30 మీటర్లు. నాసా ఉపగ్రహాల మీదున్న మోడిస్ పరికరం రోజూ తీస్తుంది కానీ వివరం తక్కువ, చుక్క 250 మీటర్లకు పైనే. మబ్బు లేని చిత్రం ఎంచుకోండి. మబ్బేదో మంచేదో తేలకపోతే షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని కాంతి) కలిసిన కృత్రిమ రంగుల చిత్రానికి మార్చండి. అందులో మంచు నీలంగా, మబ్బులు ఎక్కువగా తెల్లగా కనిపిస్తాయి.

దాని మీద మీ దారి జీపీఎక్స్ ఫైలు (దారి గీతను దాచే జీపీఎస్ ఫైలు) పరిచి, మంచు మొదలయ్యే ఎత్తును దక్షిణ వాలు మీద ఒకటి, ఉత్తర వాలు మీద ఒకటి విడివిడిగా రాసుకోండి. రెండింటికీ కొన్ని వందల మీటర్ల తేడా మామూలే. దారి కనుమకు దక్షిణం వైపు పొడిగా ఉండి, అవతల ఉత్తరం వైపు దిగేచోట నిటారు మంచు గోడ మిగిలి ఉండటం వసంతంలో అందరికీ తగిలే చిక్కు. ఎక్కేవైపు నుంచి చూస్తే ఆ గోడ కనబడదు. పైకి చేరాకే తెలుస్తుంది. చిత్రంలో మాత్రం ముందే ఉంటుంది.

రెండు చోట్ల చిత్రం మోసం చేస్తుంది. దట్టమైన అడవిలో కొమ్మలే కనిపిస్తాయి, కింద మీటరు మంచు ఉన్నా పచ్చగా ఉంటుంది. చుట్టుపక్కల చెట్లు లేని జాగాలు తెల్లగా ఉంటే అడవిలోనూ మంచు ఉన్నట్టే లెక్కేసుకోండి. రెండోది, 10 మీటర్ల కంటే చిన్న మంచు ముక్కలు కనబడవు. ఇరుకు గండిలో దారిని అడ్డగించే 8 మీటర్ల గట్టి మంచు ముక్క ఒక్కటి చాలు, ఆ రోజు ప్లానంతా తలకిందులవడానికి.

రాత్రి గడ్డకట్టిందా, లేదా

వసంతకాలపు ట్రెక్ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పగలు ఎండకు మంచు పైపొరలో గింజల మధ్య నీరు చేరుతుంది. రాత్రి ఆ నీరు గడ్డకడితే గింజలు అతుక్కుని గట్టి పెంకు ఏర్పడుతుంది. పొద్దున మనం నడిచేది ఆ పెంకు మీదే. అది ఎంత మందంగా ఉంటే అన్ని గంటలు మోస్తుంది.

రాత్రి ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఇది తేల్చలేం. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటే మంచు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. అలాంటి రాత్రి గాలి 2 డిగ్రీల దగ్గర ఉన్నా మంచు పైభాగం గడ్డకడుతుంది. మబ్బు కమ్మితే దుప్పటి కప్పినట్టే. గాలి సున్నాకు చేరినా పెంకు పలచగానే ఉంటుంది, ఒక్కోసారి అసలు కట్టదు. వాతావరణ సూచనలో ఈ నాలుగూ చూడండి: మీ కనుమ ఎత్తులో రాత్రి కనిష్ఠం, రాత్రంతా మబ్బు శాతం, గాలిలో తేమ, సున్నా డిగ్రీలు ఉండే ఎత్తు. లోయలోని ఊరి సూచన ఇక్కడ పనికిరాదు. చల్లగాలి లోయలోకి జారి చేరితే కింద గడ్డకట్టి పైన కట్టని రాత్రులు కూడా ఉంటాయి.

రెండు మూడు రాత్రులు వరసగా గడ్డకట్టకపోతే మంచు పైనుంచి అడుగుదాకా తడిసి, గింజలు విడిపోయి, తడి పంచదారలా తయారవుతుంది. అప్పుడు కాలు నేల తగిలేదాకా దిగుతుంది. తొడ లోతు దిగబడుతూ గంటకు కిలోమీటరు కూడా నడవలేరు. మోకాళ్లు, పిక్కలు దెబ్బతినేదీ అప్పుడే. మంచు మీద వాన పడ్డా ఇదే గతి. సూచనలో మూడు వేడి రాత్రులో, వాన రాత్రో కనిపిస్తే ప్రయాణం వాయిదా వెయ్యండి. దీన్ని అతిజాగ్రత్త అనుకోవద్దు. ఆ మంచులో ఎంత అనుభవం ఉన్నవాళ్లూ వేగంగా నడవలేరు.

పొద్దున గుడారం బయట ఒక పరీక్ష చెయ్యండి. బూటు మడమతో మంచును గట్టిగా తన్నండి. గీత మాత్రమే పడితే పెంకు బాగా కట్టింది. ఒంటి కాలి మీద బ్యాగుతో సహా నిలబడి చిన్నగా ఎగరండి. పెంకు పగలకపోతే రెండు మూడు గంటలు దొరుకుతాయి. పెంకు విరిగి కాలు చీలమండ దాటి దిగిందా? ఎండ రాకముందే ఇలా ఉందంటే, 9 గంటలకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ రోజు కనుమ వద్దు.

ఇక ఎండ తిరిగే వరస. తూర్పు వాలు అందరికంటే ముందు మెత్తబడుతుంది, ఎండ తగిలిన రెండు మూడు గంటల్లోనే. తర్వాత దక్షిణం, మధ్యాహ్నం దాటాక పడమర. ఉత్తర వాలు రోజంతా గట్టిగానే ఉండిపోవచ్చు. దీన్నిబట్టి తూర్పు నుంచి ఎక్కి పడమరకు దిగే కనుమలో ఒక మెలిక ఉంది. తొందరగా బయలుదేరితే ఎక్కడం హాయిగా సాగుతుంది కానీ, 8 గంటలకు అవతల పడమటి వాలు ఇంకా గాజులా ఉంటుంది. అది నిటారుగా ఉంటే కాలు జారాక ఆగడం ఉండదు. ఆలస్యంగా బయలుదేరితే దిగడం సులువు, ఎక్కేటప్పుడు కూరుకుపోతారు. తొందరగా ఎక్కి, కనుమ మీద గాలి తగలని చోట కూర్చుని, అవతలి వాలు బూటు అంచు దిగేంత మెత్తబడేదాకా ఆగడమే మంచిది. కొన్ని గంటలు కూర్చోవాల్సి వచ్చినా సరే. అందుకు ఒక వెచ్చని జాకెట్టు బ్యాగులో పైనే ఉండాలి. పడమర నుంచి తూర్పుకు దాటేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. వాళ్లు కనుమ చేరేసరికి తూర్పు వాలు మెత్తబడిపోతుంటుంది కాబట్టి చీకట్లోనే హెడ్‌ల్యాంపుతో బయలుదేరాలి, గట్టి మంచు మీద ఎక్కడానికి క్రాంపాన్లు (బూటు కింద బిగించే పొడవాటి లోహపు ముళ్లు) ఉండాలి.

చీలమండ దాకా మెత్తబడ్డ మంచు దిగడానికి బాగుంటుంది. పిక్క దాకా దిగుతుంటే నిటారు వాలు వదిలి బయటపడే సమయం వచ్చిందని అర్థం.

వాలు ఎంత, అవలాంచ్ మాటేమిటి

అవలాంచ్‌లు, అంటే వాలు మీంచి జారిపడే మంచు చరియలు, ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద కదులుతాయి. ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్‌లలో వాలును రంగులతో చూపించే పొర ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్యండి. కాగితం మ్యాపే ఉంటే స్కేలు పట్టుకోండి. 1:25,000 మ్యాపులో 20 మీటర్లకో ఎత్తు గీత ఉన్నప్పుడు, రెండు గీతల మధ్య దూరం 1.4 మిల్లీమీటర్లు ఉంటే అక్కడ వాలు 30 డిగ్రీలు. అంతకంటే దగ్గరగా ఉంటే ఇంకా నిటారు. మీ దారి చదునుగా ఉన్నా సరే, దాని పైనున్న వాలును కూడా కొలవాలి. పైనుంచి కదిలేది కిందికే వస్తుంది.

వసంతంలో ఎక్కువగా తడి చరియలు జారతాయి. వాలు మీద మంచు ఉండలు వాటంతటవే దొర్లుతూ చక్రాల్లా పెరగడం, రాళ్ల చుట్టూ మంచు జారిన తాజా గీతలు, బూటు కింద నీళ్లూరడం కనిపిస్తే అరగంటలో కాదు, అప్పుడే ఆ వాలు దిగిపోవాలి. గట్టు అంచున గాలికి బయటికి వేలాడే మంచు చూరు కూడా ఈ కాలంలోనే విరుగుతుంది. దాని మీద నడవకూడదు, కింద ఆగకూడదు. చలికాలంలో రోజూ వచ్చే అవలాంచ్ బులెటిన్లను చాలా కేంద్రాలు వసంతం మధ్యలో ఆపేస్తాయి. బులెటిన్ రాలేదంటే ముప్పు లేదనుకోకండి, చెప్పేవాళ్లు లేరంతే. దారిలో ఇలాంటి వాలు తప్పనిసరిగా ఉండి, మంచులో కూరుకున్నవాళ్లను వెతికి తీసే బీకన్ (సంకేతాలు పంపే పరికరం), ప్రోబ్ (పొడిచి చూసే పొడవాటి కడ్డీ), పార వాడే శిక్షణ లేకపోతే వేరే దారి ఎంచుకోండి.

వాగులు

మంచే కాదు, వాగులు కూడా ట్రెక్కులను ఆపుతాయి. పైన పగలు కరిగిన నీరు కిందికి రావడానికి గంటలు పడుతుంది. చిన్న వాగు మధ్యాహ్నం చివర్లో పొంగితే, పెద్ద పరీవాహకం ఉన్నది రాత్రి పొద్దుపోయాక గానీ పొంగదు. తెల్లవారుజామున చాలా వాగులు కనిష్ఠంలో ఉంటాయి. ఇంట్లోనే మ్యాపులో దాటాల్సిన వాగులన్నీ గుర్తుపెట్టి, ఒక్కోదానికి పైన ఎంత మంచు కొండ ఉందో చూడండి. పెద్దదాని ఇవతలే రాత్రి మకాం పడేలా రోజులు సర్దుకోండి. పొద్దున లేవగానే దాటడమే మొదటి పని.

దాటే ముందు ఒక పుల్ల విసిరి, ఒడ్డు వెంట దానితో పాటు నడవండి. అది మిమ్మల్ని దాటిపోయిందంటే నీటి వేగం ఎక్కువ. అలాంటి నీరు మోకాలు దాటితే దిగొద్దు. ఇరుకైన చోట నీరు లోతుగా, వడిగా ఉంటుంది కాబట్టి, వెడల్పై పాయలుగా చీలినచోటు వెతకండి. కింద జలపాతమో, నీటికి అడ్డంగా పడిన చెట్టో ఉంటే ఆ చోటు వద్దు. బ్యాగు నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పి, నీరు వచ్చేవైపు ముఖం పెట్టి, కర్రను ముందు నాటి అడ్డంగా కదలండి. బూట్లు విప్పొద్దు. సున్నాకు దగ్గరగా ఉండే నీటిలో ఒకటి రెండు నిమిషాలకే పాదాలకు స్పర్శ పోతుంది, వట్టి కాలితో రాయి మీద పట్టు దొరకదు.

వాగును మంచు కప్పేసి ఉంటే అది వంతెన. వంతెన ఎలా విరుగుతుందో తెలిస్తే ఎలా చూడాలో తెలుస్తుంది. కింద పారే నీరు, దాని మీది గాలి అడుగు నుంచి తొలుచుకుంటూ వస్తాయి, పైకి మాత్రం చదునుగా తెల్లగానే ఉంటుంది. తర్వాత మధ్యలో సన్నని పల్లం పడుతుంది, ఆ పల్లం బూడిద రంగుకు తిరుగుతుంది, చెవి పెడితే బోలు శబ్దం వినిపిస్తుంది. పల్లం కనబడ్డాక దాని మీద కాలు పెట్టొద్దు. ఎగువనో దిగువనో మంచు తెరుచుకున్న రంధ్రం ఉంటుంది, అక్కడ అంచు మందం చూడండి. అర మీటరు కంటే పలచగా ఉంటే వదిలెయ్యండి. మందంగా ఉన్నా అడుగడుగునా కర్రతో పొడవాలి. కర్ర గట్టిగా ఆగాలి. కాస్త దిగి హఠాత్తుగా పట్టు వదిలేసిందంటే కింద ఖాళీ. ఒక్కొక్కరే, పొద్దుటి గట్టి మంచులోనే దాటాలి. పెద్ద బండరాళ్ల చుట్టూ, చెట్ల మొదళ్ల చుట్టూ కూడా ఇలాగే బోలుగా ఉంటుంది. రాయి వేడెక్కి పక్క మంచును తినేస్తుంది. రాయి మీంచి మంచు మీదికి దిగేటప్పుడు పక్కనే కాలు పెట్టకుండా దూరంగా పెద్ద అడుగు వెయ్యండి.

సామాను గురించి కొద్దిగా

మైక్రోస్పైకులు (బూటుకు తొడిగే చిన్న ముళ్ల గొలుసులు) సున్నితమైన వాలుకు, దారి మీది గట్టి మంచుకు సరిపోతాయి. 30 డిగ్రీల గట్టి మంచు మీద వాటిని నమ్ముకోవద్దు, అక్కడ క్రాంపాన్లు, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కావాలి. యాక్స్ పట్టుకున్నంత మాత్రాన ఎవరూ ఆగరు. జారినప్పుడు బోర్లా తిరిగి యాక్స్ మొనను మంచులో దించడం, కింద రాళ్లు లేని చిన్న వాలు మీద ముందే పదులసార్లు చేసి చూడాలి. కర్రలు మంచులో దిగబడకుండా వాటి అడుగున వెడల్పు బుట్టలు (గుండ్రటి బిళ్లలు) తగిలించండి.

మంచు మీద పడుకోవడానికి పరుపు ఆర్-వాల్యూ (చలిని ఆపే శక్తి కొలత) 4.5కి తగ్గకూడదు. గుడారం మేకులు మెత్తని మంచులో నిలవవు. మేకును తాడుకు అడ్డంగా కట్టి, 30 సెంటీమీటర్ల లోతున పాతి, మంచు కప్పి తొక్కండి. అరగంటలో అది బిగుసుకుంటుంది. బూట్లు రాత్రి సంచిలో చుట్టి లోపలే ఉంచుకోండి. బయట పెట్టేట్టయితే లేసులు పూర్తిగా వదులు చెయ్యాలి, లేకపోతే పొద్దున గడ్డకట్టిన బూటులో కాలు దూరదు.

గ్యాస్ లెక్క చాలామంది తప్పుతారు. సున్నా డిగ్రీల మంచును నీరు చెయ్యడానికి పట్టే వేడితో, అంతే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు వేడి చెయ్యొచ్చు. అందుకే వేడిని వృథా చెయ్యని మంచి స్టవ్ మీద పారే నీరు మరిగించడానికి లీటరుకు 10 నుంచి 12 గ్రాములు చాలినచోట, మంచు కరిగించి మరిగించడానికి దాదాపు 20 గ్రాములు పోతాయి, మామూలు స్టవ్ అయినా, గాలి ఉన్నా ఇంకా ఎక్కువ. మనిషికి రోజుకు 3 లీటర్లు మంచు నుంచే తీయాలంటే 60 గ్రాములు. 230 గ్రాముల డబ్బా ఇద్దరికి రెండు రోజులకు కూడా చాలదు. గిన్నెలో ముందు కొద్దిగా నీరు పోసి ఆ తర్వాతే మంచు వెయ్యండి, లేకపోతే గిన్నె అడుగు మాడుతుంది. డబ్బాలో మామూలు బ్యూటేన్ మాత్రమే ఉంటే సున్నా దగ్గర మంట చచ్చిపోతుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినదే కొనండి.

కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. పక్కలు మూసుకున్న కేటగిరీ 4 (అన్నిటికంటే ముదురు రకం) కళ్లద్దాలు పెట్టుకోండి. సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు రంధ్రాల అంచుల్లో కూడా రాయాలి.

రోజుల లెక్క, తుది నిర్ణయం

పొడి దారి మీద రోజుకు 18 కిలోమీటర్లు నడిచేవాళ్లు మంచు మీద 9 వేసుకోండి. పెంకు పొద్దున 5 గంటల నుంచి 10 గంటల దాకా మోస్తుందనుకుంటే, పడమటి వాలు మెత్తబడేదాకా ఆగే రోజు తప్ప, మంచు మీది నడక ఆ అయిదు గంటల్లోనే ముగియాలి. మధ్యాహ్నం బట్టలు ఆరబెట్టుకోవడానికి, మంచు కరిగించడానికి, రేపటి వాలును దూరం నుంచి చూడటానికి. ఒక పూర్తి రోజు తిండి అదనంగా ఉండాలి. రాత్రి గడ్డకట్టకపోతే ఆ రోజు కదలకుండా కూర్చోవడానికి అది పనికొస్తుంది. దారి మొదలయ్యే చోటికి వెళ్లే కొండ రోడ్డు తెరిచారా అన్నది కూడా మర్చిపోవద్దు. గేటు 8 కిలోమీటర్ల ముందే మూసి ఉంటే రానూపోనూ 16 కలుస్తాయి.

ఆరు వారాల ముందు మూడు దారులు సిద్ధం చెయ్యండి. ఒకటి మీకు నిజంగా వెళ్లాలని ఉన్నది, రెండోది అదే ప్రాంతంలో కనుమ దాటకుండా తిరిగొచ్చేది, మూడోది మంచు గీతకు పూర్తిగా కింద, దక్షిణ వాలు మీద ఉండేది. అనుమతులు అవసరమైతే మార్చుకోవడానికి వీలున్నవే తీసుకోండి. రెండు వారాల ముందు ఉపగ్రహ చిత్రంతో మంచు గీత రాసుకుని, కేంద్రం గ్రాఫుతో సరిచూడండి. మూడు రోజుల ముందు రాత్రి ఉష్ణోగ్రత, మబ్బు చూసి మూడింటిలో ఒకటి ఖాయం చెయ్యండి. మూడో దారికి మారాల్సి వస్తే బురద ఉంటుందని గుర్తుంచుకోండి. దారి మధ్యలోంచే నడవండి. బురద తప్పించుకోబోయి పక్క గడ్డి తొక్కితే దారి ఏటేటా వెడల్పవుతుంది.

వెనుదిరిగే గంటను ఇంటి దగ్గరే కాగితం మీద రాయండి. "10 గంటలకు కనుమ మీద లేకపోతే వెనక్కి" లాంటి ఒక్క వాక్యం చాలు. కనుమ కళ్లెదుట 200 మీటర్ల పైన కనిపిస్తుంటే అప్పటికప్పుడు ఆ నిర్ణయం తీసుకోవడం చాలా కష్టం. మూడు దారుల మ్యాపులూ, ఆ గంటా, తిరిగొచ్చే రోజూ ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి. ఎప్పటిదాకా చూసి రక్షణ బృందానికి ఫోన్ చెయ్యాలో కూడా వాళ్లకు చెప్పండి.

తిరిగొచ్చాక ఒక పేజీ రాసి పెట్టుకోండి: తేదీ, ఆ రోజు కేంద్రంలో నీటి కొలత, ఒక్కో వాలు మీద మంచు మొదలైన ఎత్తు, పెంకు విరిగిన గంట, వాగు మోకాలికి ఎంత వచ్చింది. వచ్చే ఏడు అదే కేంద్రం అదే అంకె చూపించిన రోజున, ఏ ఉపగ్రహ చిత్రం కంటే ఈ పేజీయే ఎక్కువ పనికొస్తుంది.